గండికోట ఆటకి సంగీతం: పల్లవి, చరణం పక్కన పెట్టి ఆలోచించు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నువ్వు పెట్టిన మూడు ట్రాకులూ హెడ్‌ఫోన్‌లో ఒకసారి, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి విన్నాను. అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తాను.

మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు చెప్తాను. అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్న మీరు ముగ్గురు గండికోట మీద యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫోన్ గేమ్ చేస్తున్నారు. ఒక కుర్రవాడు పగలంతా కోటలో తిరిగి చిక్కుముడులు విప్పుతాడు, రాత్రి కావలివాళ్ళ కంట పడకుండా బయటపడాలి. నువ్వు మోహన రాగంలో మూడున్నర నిమిషాల ట్రాక్ చేశావు. విడిగా వింటే బాగుంది, ఆడుతుంటే పది నిమిషాలకే చిరాకు వస్తోందని స్నేహితులు అంటున్నారు. కావలివాడు కనిపించగానే సంగీతం టక్కున తెగి ఇంకోటి మొదలవుతోంది. పెద్ద గేముల సంగీతం ఎలా విని నేర్చుకోవాలి, స్టాఫ్ నొటేషన్, అంటే పాశ్చాత్య సంగీతం రాసుకునే గీతల లిపి, రాకపోతే ఈ పనికి పనికిరానా అని కూడా అడిగావు.

నొటేషన్ సంగతి ముందు తేల్చేద్దాం. రాకపోయినా ఫర్వాలేదు. నీ స్వరాలు నువ్వు సరిగమల్లో రాసుకోగలుగుతున్నావు, అది చాలు. వయొలిన్ వాళ్ళని పిలిచి వాయించుకునే రోజు వచ్చినప్పుడు నేర్చుకుందువు.

ఇక అసలు విషయం. నీ ట్రాక్‌లో తప్పేమీ లేదు, కానీ అది పాట. చిన్న ఆలాపన, పల్లవి, మధ్యలో ఒక చరణం, చివర్లో ముగింపు. పాట ఎప్పుడు పెరగాలో ఎప్పుడు తగ్గాలో పాటే నిర్ణయించుకుంటుంది, వినేవాడు దాని వెంట పోతాడు. గేమ్‌లో కాలం ఆటగాడి చేతిలో ఉంటుంది. నీ చరణం ఉద్ధృతంగా పైకి లేచే సమయానికి ఆ కుర్రవాడు గోడ పక్కన నిలబడి తాళం చెవి కోసం వెతుకుతుంటాడు. అసలు పరిగెత్తే సమయానికి నీ ట్రాక్ నెమ్మదైన ఆలాపనలో ఉంటుంది. ఆ పొత్తు కుదరకపోవడమే నీ స్నేహితులకి చిరాకుగా అనిపిస్తోంది. వాళ్ళ చెవి సరిగ్గానే చెప్పింది.

మాది ప్రొద్దుటూరు. మా పెదనాయన చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. నేను చిన్నప్పుడు ఆయన పెట్టె పక్కనే కూర్చునేవాణ్ణి. ఆయన మెట్ల వైపు చూసేవాడే కాదు, చూపంతా నటుడి మీదే. పద్యం చివర కృష్ణుడు రాగం తీస్తుంటే ఎంతసేపు తీస్తాడో ఎవరికీ తెలియదు. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ ఎత్తుకుంటాడు. దుర్యోధనుడి కిరీటం ఇంకా కట్టకపోతే రంగం ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో పెదనాయన ఒక చిన్న సంగతిని, అంటే ఒక చిన్న స్వరాల ముక్కని, పట్టుకుని షడ్జమం (స), పంచమం (ప) చుట్టూ తిప్పుతూ ఉండేవాడు. అది ముగిసినట్టూ ఉండేది కాదు, విసుగూ తెప్పించేది కాదు. తెర కదలగానే ఏ స్వరం మీద ఉన్నా రెండు దెబ్బల్లో కొత్త రంగం శ్రుతిలోకి వచ్చేసేవాడు. గేమ్ సంగీతం అంటే నాకు ఇప్పటికీ ఆ పెట్టె పక్కన నేర్చుకున్నదే.

సురభి నాటకం పుట్టింది మన కడప జిల్లా సురభి గ్రామంలోనే, 1885లో కీచక వధతో. అంతకుముందు ఆ కుటుంబాలది తోలుబొమ్మలాట. మీ వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేస్తున్నారు. ఈసారి ఎక్కడైనా ఆట ఆడితే తెర ముందు కాకుండా పక్కన కూర్చో. బొమ్మ అడుగు వేసిన క్షణానే తాళం పడుతుంది. యుద్ధం వస్తే కాలి కింద చెక్కపలకని తొక్కి చప్పుడు చేస్తారు. సంగీతం, చప్పుళ్ళు, కదలిక మూడూ ఒక్కచోటి నుంచే పుడతాయి. మీ గేమ్‌లో ఆ మూడు పనులూ మీ ముగ్గురి మధ్య చీలిపోయి ఉన్నాయి. అందుకే నీ ప్రోగ్రామర్ స్నేహితుడు నీ పక్కన కూర్చుని ఈ జవాబు చదవాలి.

నేను మొదట పని చేసిన ఫోన్ గేమ్‌లో నీలాగే చేశాను. పరుగు గేమ్ అది. నాలుగు నిమిషాల ట్రాక్, ఒకటిన్నర నిమిషం దాటాక వచ్చే వేణువు బిట్ కోసం వారం రోజులు కష్టపడ్డాను. విడుదలయ్యాక మా ఇంట్లో పిల్లలు ఆడుతుంటే చూశాను. ఇరవై, ముప్పై సెకన్లకి ఒకసారి పడిపోతున్నారు, పడిన ప్రతిసారీ ట్రాక్ మొదటి నుంచి వస్తోంది. ఆ వేణువు ఒక్కసారి కూడా వినపడలేదు. మొదటి ఎనిమిది సెకన్ల ఆలాపన మాత్రం వందసార్లు వినపడింది. అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. సంగీతం మొదలుపెట్టే ముందు కొత్తవాళ్ళు ముగ్గురు నలుగురు ఆడుతుంటే పక్కన కూర్చుని గడియారం చూస్తాను. ఎంతసేపు నడిచారు, ఎంతసేపు నిలబడ్డారు, ఎన్నిసార్లు చచ్చారు అని. ఆ లెక్క లేకుండా ఇప్పుడు నేను కీబోర్డు ముట్టుకోను. నువ్వు కూడా ముట్టుకోవద్దు.

ఇక వినడం గురించి. సౌండ్‌ట్రాక్ ఆల్బమ్ వినడం వేరు, గేమ్ సంగీతాన్ని విశ్లేషించడం వేరు. ఆల్బమ్‌లో ముక్కలన్నీ ఒక వరసలో కుట్టి పాటలాగా చేసి పెడతారు. నీకు కావాల్సిన అతుకులు అందులో కనపడవు. గేమ్ ఆడుతూనే వినాలి. ఒక నోటుపుస్తకంలో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆటగాడు ఏం చేశాడో, కుడివైపు సంగీతంలో ఏం మారిందో రాయి. ఏమీ మారకపోతే అది కూడా రాయి. ఒకచోట ఊరికే ఐదు నిమిషాలు నిలబడి చూడు. కావాలని చచ్చి చూడు. పాజ్ నొక్కి చూడు. ఒక వారం ఇలా చేస్తే రాగం పేరు కనుక్కోవడం కంటే ఎక్కువ నేర్చుకుంటావు.

స్పేస్ ఇన్వేడర్స్‌తో మొదలుపెట్టు. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ తెచ్చింది, చేసినవాడు తొమొహిరో నిషికాదో. అందులో సంగీతం అనదగ్గది నాలుగు స్వరాలే. పై నుంచి కిందికి దిగే నాలుగు బరువైన స్వరాలు, మళ్ళీ మళ్ళీ అవే. శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా కదులుతాయి, వాటితో పాటే ఆ స్వరాలూ వేగం పుంజుకుంటాయి. స్వరాలు మారలేదు, వాయిద్యం మారలేదు, కాలం ఒక్కటే మారింది. అయినా ఆడేవాడి చేతికి చెమట పడుతుంది. నువ్వు చెక్క భజన చూసి ఉంటావు. పాట అదే, అడుగు అదే, గురువు వేగం పెంచేకొద్దీ చూసేవాళ్ళ గుండె కూడా వేగం అందుకుంటుంది. అదీ ఇదీ ఒకటే సూత్రం.

తర్వాత సూపర్ మారియో బ్రదర్స్, 1985, కోజీ కొండో. అందరికీ తెలిసిన ఆ నేల మీది పాటని 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చుకుంది. గేమ్ సంగీతం ఆ జాబితాలోకి ఎక్కడం అదే మొదటిసారి. ఆయన చేతిలో ఉన్నది ఆ గేమ్ యంత్రం పలికించగల ఐదు గొంతులే, అంటే ఐదు ధ్వనులే: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఒక చిన్న శాంపిల్ చానెల్. మారియో దూకినప్పుడు వచ్చే చప్పుడుకి కూడా విడిగా చోటు లేదు. పాటలోని ఒక గొంతు క్షణకాలం పక్కకి తప్పుకుని దానికి దారి ఇస్తుంది. అయినా పాట తెగినట్టు అనిపించదు, ఎందుకంటే చప్పుళ్ళని కూడా పాటలో భాగంగానే ఆలోచించారు. నాణెం తీసినప్పుడు వినపడేవి రెండు స్వరాలు. మన లెక్కలో పంచమం నుంచి పై షడ్జమానికి ఎగిరినంత దూరం. నీ గేమ్‌లో తాళం చెవి దొరికినప్పుడు వచ్చే టింగ్ అనే చప్పుడు ఏ శ్రుతిలో ఉందో చూశావా? నేను చూశాను. నీ మోహనంలో లేని స్వరం అది, ప్రతిసారీ గుచ్చుకుంటోంది. దాన్ని శ్రుతిలో పెడితే సగం చిరాకు అక్కడే పోతుంది.

1990లో వచ్చిన సూపర్ మారియో వరల్డ్‌లో మారియో యోషి అనే డైనోసార్ మీదికి ఎక్కగానే అదే పాటలోకి బాంగో డ్రమ్ములు వచ్చి చేరతాయి, దిగితే ఆగిపోతాయి. ఒక లేయర్, అంటే పాట మీద ఇంకో పొర, కలపడం, తీసేయడం అంతే. పాట తెగదు. మంకీ ఐలండ్ 2లో, 1991లో, మైఖేల్ లాండ్, పీటర్ మెకానెల్ ఐమ్యూజ్ అనే పద్ధతి తయారుచేసి ఇంకో మెట్టు ఎక్కారు. వుడ్‌టిక్ అనే ఊళ్ళో ఒక్కో గుడిసెలోకి వెళ్తే అదే పాట ఒక్కో వాయిద్యం వైపు మళ్ళుతుంది. బయటికి వస్తే ఆ క్షణంలో ఎక్కడుందో అక్కడి నుంచే ఒక చిన్న అతుకు వేసుకుని అసలు పాటలోకి తిరిగి వస్తుంది. మా పెదనాయన చేసిన పనే అది, కంప్యూటర్ చేత చేయించారు. యూట్యూబ్‌లో చూసినా అర్థమవుతుంది, కానీ ఒక్కసారి నువ్వే ఆడు.

ఇక షాడో ఆఫ్ ద కొలోసస్, 2005, కో ఒతాని సంగీతం. గుర్రం మీద అంత పెద్ద మైదానంలో పోతుంటే దాదాపు సంగీతమే ఉండదు. గాలి, డెక్కల చప్పుడు. పోరాడాల్సిన మహాకాయం ఎదురైనప్పుడు వాద్యబృందం లేస్తుంది. అంతసేపు మౌనంగా ఉంచారు కాబట్టే ఆ లేవడానికి అంత బలం. నువ్వు గండికోట అంచున నిలబడి కింద పెన్నా లోయ చూసి ఉంటావు. అక్కడ నీకు వీణ వినిపించిందా, గాలి వినిపించిందా? నా మాట విను, పగటి భాగంలో రెండు నిమిషాల సంగీతం తర్వాత కనీసం నలభై సెకన్లు గాలికి వదిలేయి.

ఇప్పుడు నీ ట్రాక్ దగ్గరికి వద్దాం. దాన్ని పారేయక్కర్లేదు, విడదీయాలి. తంబుర ఒక లేయర్, వీణ ఒకటి, వేణువు ఒకటి, తాళం ఒకటి. నీ వేగం నిమిషానికి 96. అంటే ఒక్కో దెబ్బ 0.625 సెకను, ఆదితాళం ఎనిమిది దెబ్బల ఆవర్తనం సరిగ్గా 5 సెకన్లు. లెక్కకి చాలా అనువైన వేగం, మార్చకు. వీణని 5 ఆవర్తనాలు చెయ్, వేణువుని 7, తాళాన్ని 8. మూడూ ఒకేసారి మొదలుపెట్టి ఎవరి లూప్, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగే ముక్క, వాళ్ళని తిరగనివ్వు. మూడూ మళ్ళీ మొదట్లోలాగా కలవడానికి 280 ఆవర్తనాలు పడుతుంది, అంటే 23 నిమిషాల 20 సెకన్లు. నువ్వు రాసిన సంగీతం రెండు నిమిషాలు కూడా లేదు, ఆటగాడికి మాత్రం అదే సందర్భం రెండోసారి రాదు. వేణువు లూప్‌లో సగానికి పైగా ఖాళీ ఉంచు. అది ఎప్పుడో ఒకసారి పలకాలి.

ఇది మనకి ఇంత తేలిగ్గా ఎందుకు కుదురుతుందో చెప్తాను, ఈ విషయం నాకు చాలా ఇష్టం. పాశ్చాత్య పద్ధతిలో కార్డులు (chords, ఒకేసారి పలికే స్వరాల గుంపులు) మారే సంగీతంలో ఇలా వదిలేస్తే వేణువు ఒక కార్డులో, వీణ ఇంకో కార్డులో పడి కొట్టుకుంటాయి. మన సంగీతంలో ఆధార షడ్జమం కదలదు. ఒకే రాగంలో ఉన్నంతసేపు ఏ సంగతి ఏ సంగతి మీద పడినా కలహం ఉండదు. లేయర్లుగా విడదీసే పద్ధతికి రాగం పుట్టుకతోనే సిద్ధంగా ఉంది. మనవాళ్ళు ఈ పనిలోకి వచ్చి మొట్టమొదట నాలుగు కార్డుల లూప్ పట్టుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

రాత్రి భాగానికి వేరే ట్రాక్ చేశావు కదా, అది కూడా అక్కర్లేదు. గ్రహభేదం గుర్తు చేసుకో. మోహనం స్వరాలు స రి గ ప ద. వాటిని అలాగే ఉంచి గాంధారాన్ని షడ్జమం అనుకుంటే హిందోళ రాగం వస్తుంది. అంటే వీణ, వేణువు లూపులు ఒక్క స్వరం కూడా మార్చకుండా నడుస్తూ ఉంటాయి. కింద తంబుర మాత్రం స మీద నుంచి గ మీదికి జరుగుతుంది. పగటి కోటలో హాయిగా వినపడిన అదే సంగతి, చీకటి పడ్డాక నీడలాగా వినపడుతుంది. ఆటగాడికి ఏం మారిందో తెలియదు, ఏదో మారిందని మాత్రం తెలుస్తుంది. ఒక జాగ్రత్త: కొత్త తంబురలో ప, అంటే పాత నిషాదం, వేయొద్దు. మోహనంలో అది లేదు, హిందోళంలో పంచమం అసలే లేదు. కొత్త షడ్జమం, దాని మధ్యమం చాలు. ఆ మధ్యమం నీ పాత ధైవతమే. కీబోర్డు మీద సి నుంచి మొదలుపెట్టి వాయించి చూడు, కింద సి పట్టుకుని ఒకసారి, ఇ పట్టుకుని ఒకసారి. ఐదు నిమిషాల పని.

కావలివాడు కనిపించినప్పుడు తెగిపోవడం గురించి. ఇక్కడ రెండు కోరికలు ఒకదాన్నొకటి లాగుతాయి. సంగీతం అందంగా మారాలంటే ఆవర్తనం పూర్తయ్యేదాకా ఆగాలి, కానీ ఐదు సెకన్లలో కావలివాడు పట్టుకుని పోతాడు. వెంటనే మార్చితే తాళం విరుగుతుంది. నేను చేసేది ఇది: కంట పడిన క్షణానే తాళంతో సంబంధం లేని ఒక్క దెబ్బ, ఆ దెబ్బ మోగుతుండగానే తాళంలో తర్వాతి దెబ్బ దగ్గర కొత్త లేయర్. 0.625 సెకను కంటే ఎక్కువ ఆగాల్సిన పని ఉండదు, ఆ కొద్ది ఆలస్యాన్ని దెబ్బ కప్పేస్తుంది. ఆ దెబ్బకి నువ్వు హాలీవుడ్ డ్రమ్ వాడావు. మీ జిల్లాలో ఉరుము అనే జానపద వాద్యం ఉండగా అది ఎందుకు? ఉరుము మీద పుల్లతో రాచినప్పుడు వచ్చే ఆ మూలుగు ఏ లైబ్రరీలోనూ దొరకదు. కళాకారుల దగ్గరికి వెళ్ళు, ఏ గేమ్‌కో ఎందుకో చెప్పి అనుమతి తీసుకో, డబ్బులిచ్చి రికార్డు చెయ్. కాలేజీ ప్రాజెక్టే కదా అని ఊరికే వాయించుకుని రావద్దు, అది వాళ్ళ బతుకుతెరువు. కర్నూలు వైపు గొరవయ్యల పిల్లనగ్రోవి, ఢమరుకం గురించి కూడా ఇదే మాట.

దెబ్బ అయ్యాక కావలివాడు వదిలేశాడనుకో, వెంటనే మామూలుకి రాకు. నాలుగైదు ఆవర్తనాల మీద లేయర్లు ఒక్కొక్కటిగా తగ్గించు. భయం పోవడానికి మనిషికి టైం పడుతుంది. పైగా వెంటనే తగ్గిస్తే, కుర్రవాడు మళ్ళీ కంట పడినప్పుడల్లా సంగీతం లేచి పడి లేచి పడి నవ్వు తెప్పిస్తుంది.

మీ ప్రోగ్రామర్‌కి: లేయర్లని కావాల్సినప్పుడు మొదలుపెట్టొద్దు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి, వద్దనుకున్నవాటి వాల్యూం సున్నాలో ఉంచు. కావాల్సినప్పుడు మొదలుపెడితే అది ఒక ఫ్రేము అటూ ఇటూ అవుతుంది. సెకనుకి 60 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు, ఫోన్ తడబడితే ఇంకా ఎక్కువ, అంత తేడా చెవికి దొరికిపోతుంది. యూనిటీలో మామూలు ప్లే బదులు ప్లేషెడ్యూల్డ్ (చెప్పిన క్షణానికే మోగించే ఆదేశం) వాడి, డీఎస్పీ టైమ్ (ఆడియో గడియారం) ప్రకారం నడిపించు. ఎఫ్‌మాడ్, వైజ్ లాంటి గేమ్ ఆడియో సాఫ్ట్‌వేర్లు ఈ పనులన్నీ సులభం చేస్తాయి, చిన్న బడ్జెట్ గేములకి ఉచితంగా వాడుకునే పద్ధతి ఉంది, షరతులు వాళ్ళ సైట్‌లో చదవండి. మీ గేమ్‌కి యూనిటీ ఒక్కటే సరిపోతుంది.

నీ లూప్ చివర వినపడే చిన్న ఖాళీకి కారణం ఎంపీత్రీ. ఆ ఫార్మాట్ ఫైల్ మొదట్లో, చివర్లో కొంచెం నిశ్శబ్దం చేరుస్తుంది. వేవ్ ఫార్మాట్‌లో తీసి ఓగ్ ఫార్మాట్‌లోకి మార్చు. ఇంకో సంగతి, లూప్ మళ్ళీ మొదలైనప్పుడు వీణ గుంజన టక్కున ఆగిపోతోంది. లూప్‌ని వరసగా రెండుసార్లు పెట్టి రెండర్ చెయ్, అంటే ఒకే ఆడియో ఫైలుగా తీయి, రెండో సగం మాత్రమే కోసుకో. మొదటి సారి చివరి గుంజన రెండోదాని మొదట్లో కలిసి వస్తుంది, అతుకు కనపడదు.

ఫోన్ స్పీకర్‌లో 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు. హెడ్‌ఫోన్‌లో నిన్ను వణికించిన ఉరుము ఫోన్‌లో మాయమవుతుంది. పుల్ల తోలుని తాకే పై చప్పుడుని దగ్గర మైకుతో విడిగా పట్టుకుని కలుపు, దాన్ని బట్టి చెవి కింది గర్జనని తనే ఊహించుకుంటుంది.

సొరంగం లెవెల్‌కి కంప్యూటర్ రివెర్బ్, అంటే ప్రతిధ్వని ఎఫెక్ట్, పెట్టావు, అది పెద్ద చర్చిలాగా ఉంది, సున్నపురాయి గుహలాగా లేదు. తాడిపత్రి మీదుగా బెలుం గుహలు మీకు ఎంతో దూరం కాదు. 3,229 మీటర్ల గుహలు, అందులో సప్తస్వరాల గుహ అనే చోటు కూడా ఉంది. కొడితే లోహంలాగా మోగే రాతి ఊడలకి ఆ పేరు వచ్చింది. వాటిని మాత్రం కొట్టొద్దు. అవి పెరగడానికి వేల ఏళ్ళు పడుతుంది. అక్కడి వాళ్ళని అడిగి, జనం లేని వేళ దారి మీద నిలబడి చప్పట్లు కొట్టి రికార్డు చేసుకో. ఆ చప్పుడు ఎంతసేపటికి చస్తోంది, గొంతు ఎలా మారుతోంది అని విని, రివెర్బ్‌ని దానికి దగ్గరగా తెచ్చుకో.

ముందు రాత్రి భాగం చెయ్, తంబుర ఒక్కటీ జరిపి. తాళం చెవి చప్పుడుని శ్రుతిలో పెట్టు. ఈ రెండే చేసి, ఆ చిరాకుపడ్డ స్నేహితులకి ఏమీ చెప్పకుండా ఇరవై నిమిషాలు ఆడమని ఇవ్వు. నువ్వు వెనక నిలబడి వాళ్ళ ముఖాలు చూడు. ఏ నిమిషంలో ఎవరు ఫోన్ వాల్యూం తగ్గించారో రాసి ఇక్కడే పెట్టు, మళ్ళీ వింటాను.